గుక్క, పాదం, వంత: సిద్దిపేట ప్రాంత మౌఖిక గానంలో శ్వాస నిర్మాణం

వ్యాససంగ్రహం

గాయకులకు ఉదరవితానాన్ని బలపరిచే శ్వాసాభ్యాసాలను నేటి సంగీతశిక్షణ పాటకు ముందు చేయవలసిన ప్రత్యేక వ్యాయామాలుగా బోధిస్తోంది. రాయపోల్ మండలం ఉన్న సిద్దిపేట ప్రాంతపు మౌఖిక గానరూపాల్లో అటువంటి వ్యాయామం విడిగా కనిపించదు. పాదం పొడవు, వంత, ఊతపదం, వాద్యవిరామం అనే నిర్మాణాంశాల్లోనే శ్వాసకు ఏర్పాటు ఉంది. జానపద సాహిత్య విమర్శ వీటిని పునరుక్తిగానో అలంకారంగానో భావించి అచ్చులో కుదించడం వల్ల పాట రూపాన్ని నిర్ణయించిన ఒక ముఖ్య కారణం మరుగున పడింది. ఒక్క ఊపిరిలో పలికిన గానభాగాన్ని సూచించే ‘గుక్క’ అనే తెలుగు మాటను విశ్లేషణకు ప్రమాణంగా తీసుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గుక్క, దమ్ము, ఉదరవితానం, వంత, యతి, ఒగ్గుకథ, బతుకమ్మ పాట.

1. ప్రస్తావన

తెలుగులో ఊపిరికీ మాటకూ ఉన్న సంబంధాన్ని తెలిపే పలుకుబళ్లు ఎన్నో ఉన్నాయి. ఆగకుండా మాట్లాడేవారు ‘గుక్క తిప్పుకోకుండా’ మాట్లాడతారు. పసిపిల్లలు ‘గుక్కపట్టి’ ఏడుస్తారు. నీళ్లను ‘ఒక్క గుక్కలో’ తాగుతారు. ఈ మూడు ప్రయోగాల్లోనూ గుక్క అంటే రెండు ఉచ్ఛ్వాసాల నడుమ జరిగే పని. తెలంగాణలో దీనికి తోడుగా పారసీకం నుంచి ఉర్దూ ద్వారా వచ్చిన ‘దమ్ము’ వాడుకలో ఉంది. ఊపిరి, ఓపిక, ధైర్యం అనే మూడర్థాలూ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. గాయకుడికి దమ్ముందని అన్నప్పుడు జనం అతని స్వరజ్ఞానాన్ని గురించి కాక, పాటను చివరిదాకా మోయగల శక్తిని గురించి చెబుతారు.

విచిత్రమేమంటే, వాడుకభాషలో ఇంత స్పష్టంగా ఉన్న ఈ భావన సాహిత్య పరిభాషలోకి రాలేదు. జానపద గేయాన్ని పరిశీలించేటప్పుడు వస్తువు, సందర్భం, పాత్ర, ఛందస్సు, భాషావిశేషాలు చర్చకు వస్తాయి. ఆ గేయాన్ని పాడిన దేహం, ఆ దేహం ఊపిరి తీసుకున్న చోటు చర్చకు రావు. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ (1958) వేసిన బాటలో సాగిన పరిశోధన గేయాలను సేకరించి, వర్గీకరించి, కాపాడింది. ఆ పునాది లేకపోతే నేటి ప్రశ్నలు పుట్టేవి కావు. అయితే వర్గీకరణకు వస్తువూ సందర్భమూ ప్రాతిపదికలైనప్పుడు శ్వాస వంటి దేహసంబంధి అంశానికి సహజంగానే చోటు చిక్కలేదు.

రాయపోల్ పరిసరాలు ఈ పరిశీలనకు తగిన క్షేత్రం. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఈ ప్రాంతం మెదక్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. అదే జిల్లాలోని కొమురవెల్లి మల్లన్న క్షేత్రం ఒగ్గుకథకు ఆయువుపట్టు. కథాపటాలు చిత్రించే చేర్యాల కూడా ఇప్పుడు ఈ జిల్లాలోనిదే. గద్దర్ పుట్టిన తూప్రాన్ రాయపోల్‌కు ఎంతో దూరంలో లేదు. వృత్తికళాకారుల కథాగానం, స్త్రీల పండుగ పాటలు, శ్రామికగేయాలు, ఉద్యమగీతాలు ఒకే సీమలో పక్కపక్కనే వినిపిస్తాయి కాబట్టి వాటి శ్వాసవిధానాలను పోల్చి చూడవచ్చు.

2. ఉదరవితానం, అభ్యాసాల పరిమితి

డయాఫ్రం అని వ్యవహరించే ఉదరవితానం ఛాతీ కుహరానికీ ఉదరకుహరానికీ మధ్య గొడుగులా పరచుకున్న కండర పటలం. అది సంకోచించినప్పుడు కిందికి దిగుతుంది, ఊపిరితిత్తులు విప్పారుతాయి, గాలి లోనికి వస్తుంది. అంటే అది ప్రధానంగా ఉచ్ఛ్వాస కండరం. విశ్రాంతిలో ఉన్న మనిషి నిమిషానికి సుమారు 12 నుంచి 20 సార్లు, ప్రతిసారీ దాదాపు అర లీటరు గాలిని పీల్చి వదులుతాడు. ఆ వదలడానికి ప్రత్యేక శ్రమ అక్కరలేదు. సాగిన ఊపిరితిత్తులు వాటంతట అవే ముడుచుకుంటాయి.

పాటలో ఈ క్రమం మారుతుంది. ఉచ్ఛ్వాసం కురచగా, నిశ్వాసం దీర్ఘంగా ఉంటుంది. నిండుగా పీల్చిన వెంటనే గాలి బలంగా బయటకు తోసుకువస్తుంది. ఆ తోపును ఉచ్ఛ్వాస కండరాలే నిలువరించాలి. గాలి తరిగేకొద్దీ పొట్ట కండరాలూ పక్కటెముకల నడుమ కండరాలూ తోడై ఒత్తిడిని నిలపాలి. స్వరపేటిక కింద గాలి ఒత్తిడి నిలకడగా ఉంటేనే స్వరం వణకదు. పాశ్చాత్య సంగీతశిక్షణలో ఇటలీ గురువులు ‘అప్పోజ్జో’ అనే మాటతో సూచించింది ఈ సమతూకాన్నే. కాబట్టి ‘ఉదరవితానాన్ని బలపరచడం’ అనే ప్రచారవాక్యం సగం సత్యమే. గాయకుడికి కావలసింది ఒక కండరపు బలం కంటే కొన్ని కండరాల పొందిక. ఉదరవితానం పనితీరు అందరు గాయకుల్లో ఒకే తీరుగా ఉండదని, కొందరు పాడుతున్నంతసేపూ దాన్ని బిగించి ఉంచుతారని, కొందరు సడలిస్తారని 1980లలో స్వీడన్‌లో యోహాన్ సుండ్‌బెర్గ్ బృందం చేసిన కొలతలు చూపాయి.

వాడుకలో ఉన్న అభ్యాసాలు తెలిసినవే. వెల్లకిలా పడుకొని పొట్టమీద పుస్తకం పెట్టి అది లేచిపడేలా ఊపిరి తీయడం, ‘స్’ అంటూ గాలిని సన్నని ధారగా వదలడం, పెదవులను అదురుస్తూ స్వరం పలకడం, భ్రామరి ప్రాణాయామం. వీటికి ప్రయోజనం ఉంది. భుజాలెగరేసి పైఛాతీతో పీల్చే అలవాటును ఇవి మాన్పిస్తాయి, గాలిని పొదుపుగా వాడడం నేర్పుతాయి. అయితే ఇవన్నీ ఒక నమూనా గాయకుణ్ణి ఊహించుకుంటాయి. అతడు ఒంటరి. కదలకుండా ఉంటాడు. నిశ్శబ్దమైన గదిలో పాడతాడు. అతని గుక్క తీరాక దాన్ని అందుకొనే మరో గొంతు ఉండదు. సిద్దిపేట పల్లెల్లో పాట పాడే మనిషికి ఈ లక్షణాల్లో ఏదీ వర్తించదు.

3. శాస్త్రంలో ఊపిరి, ఛందస్సులో యతి

భారతీయ శాస్త్రసంప్రదాయం ఊపిరిని విస్మరించలేదు. పాణినీయశిక్ష ధ్వని పుట్టుకను వివరిస్తూ మనస్సు దేహాగ్నిని తాకుతుందని, అగ్ని వాయువును ప్రేరేపిస్తుందని, ఉరస్సులో సంచరించే ఆ వాయువు మంద్రస్వరాన్ని పుట్టిస్తుందని చెబుతుంది. 13వ శతాబ్దిలో దేవగిరిలో శార్ఙ్గదేవుడు రచించిన ‘సంగీతరత్నాకరం’ నాదానికి నాభి, హృదయం, కంఠం, శిరస్సు, ముఖం అనే స్థానాలు చెప్పింది. గాయకదోషాలు ఎంచిన చోట సీత్కారం వంటి శబ్దంతో పాడేవాణ్ణి ‘సూత్కారి’ అని దోషిగా నిలబెట్టింది. ‘శోభిల్లు సప్తస్వర’ కీర్తనలో త్యాగరాజు స్వరాలకు నాభి మొదలుకొని నాసిక దాకా స్థానాలు చెప్పినది ఈ పరంపరకు కొనసాగింపుగానే. కర్ణాటక సంగీతపు తొలి పాఠాలైన సరళీవరుసలను మూడు కాలాల్లో సాధన చేయించడంలోనూ శ్వాసశిక్షణ దాగి ఉంది. మొదటి కాలంలో పాడినప్పుడు అదే స్వరవరుసకు రెండో కాలంకన్నా రెట్టింపు నిడివి గల ఊపిరి కావాలి.

ఛందశ్శాస్త్రంలోనూ ఊపిరికి ఒకప్పుడు స్థానముంది. సంస్కృతంలో యతి అంటే విచ్ఛేదం, పాదమధ్య విరామం. 17 అక్షరాల మందాక్రాంత పాదం 4, 6, 7 అక్షరాలుగా విరుగుతుంది. తెలుగులోకి వచ్చేసరికి యతి స్వభావం మారింది. అది విరామాన్ని విడిచి అక్షరమైత్రిగా స్థిరపడింది. పదం యతిస్థానంలో విరగనక్కరలేదు. ఆ స్థానంలోని అక్షరానికి పాదాద్యక్షరంతో మైత్రి ఉంటే చాలు. ఈ మార్పువల్ల తెలుగు పద్యానికి ప్రత్యేకమైన నాదసౌందర్యం సమకూరిందన్నది నిజం. అయితే దానితోపాటు తెలుగు లాక్షణికుల చేతిలో ‘ఊపిరి ఆగే చోటు’ అనే భావనకు పారిభాషికపదం లేకుండా పోయింది. జానపదగేయాన్ని అదే ఛందఃపరిభాషతో కొలిచిన ఆధునిక విమర్శకు ఈ లోటు వారసత్వంగా సంక్రమించింది.

దేశిఛందస్సు మాత్రం ఊపిరి కొలతను లోపల దాచుకొంది. ద్విపద పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మాత్రల్లో లెక్కిస్తే 15 నుంచి 18. సెకనుకు 3 మాత్రల వేగంతో పాడితే పాదం 5, 6 సెకన్లలో ముగుస్తుంది, రెండు పాదాలకు 10 నుంచి 12 సెకన్లు పడతాయి. కుదురుగా నిలబడి పాడేవారికి రెండు పాదాలు ఒక గుక్కలో కుదురుతాయి. ఆడుతూ, అడుగువేస్తూ పాడేవారికి ఒక పాదమే ఒక గుక్క. పాల్కురికి సోమనాథుడు శివకవిత్వాన్ని జనం నోటికి అందించడానికి ద్విపదను ఎన్నుకోవడంలో సులభమైన అన్వయంతోపాటు ఈ సౌలభ్యాన్నీ గుర్తించాలి.

4. ఒగ్గుకథ: పంచుకున్న ఊపిరి

కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది వరకు సాగే జాతరలో ఒగ్గు పూజారులు పట్నాలు వేసి, మల్లన్న కల్యాణాన్ని కథగా గానం చేస్తారు. మేడలమ్మ, కేతమ్మలతో మల్లన్న వివాహం, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ వారి ప్రధాన ఇతివృత్తాలు. ప్రధాన కథకుడి చేతిలో ఒగ్గు, చుట్టూ డోలు, తాళం, వంతపాడే బృందం. కథకుడు నిలిచి చెప్పడు. అడుగులేస్తాడు, తిరుగుతాడు, పాత్రలు మారుస్తాడు, వచనం నుంచి పాటకూ పాట నుంచి సంభాషణకూ మళ్లుతాడు. మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య, హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు వంటి కళాకారులు ఈ రూపానికి రాష్ట్రం వెలుపల కూడా కీర్తి తెచ్చారు.

రాత్రంతా సాగే ఇటువంటి ప్రదర్శనను ఒక్క మనిషి ఊపిరి మోయలేదు. నృత్యం చేసే దేహానికి ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది. ఉచ్ఛ్వాసం తరచు కావాలి, గుక్క కుంచించుకుపోతుంది. ఒగ్గుకథ నిర్మాణం ఈ కష్టానికి మూడు చోట్ల సమాధానమిస్తుంది. మొదటిది వంత. కథకుడు పాదాంతాన్ని చేరుకోగానే బృందం దాన్ని అందుకుంటుంది. ఆ వ్యవధిలో కథకుడు నిండుగా పీలుస్తాడు, శ్రోతకు మాత్రం నాదం తెగినట్లు తోచదు. రెండవది తోడు కథకుడి ప్రశ్న. ‘ఊ’ కొట్టడం, ఆశ్చర్యపోవడం, ఎదురుప్రశ్న వేయడం కథను ముందుకు నడిపే సంభాషణాశైలిగా మనం చదువుతాం. ప్రదర్శనలో అది ప్రధాన గాయకుడికి దొరికిన విరామం కూడా. మూడవది డోలు దరువు. ఘట్టం మారిన చోట వాద్యం గొంతెత్తితే మనిషి గొంతు సేదదీరుతుంది.

చేర్యాల పటం ఆధారంగా కథచెప్పే సంప్రదాయాన్ని కూడా ఇదే దృష్టితో చూడవచ్చు. ఒక చిత్రం నుంచి మరో చిత్రానికి శ్రోత చూపు మళ్లేటప్పుడు కథకుడికి సహజంగానే వ్యవధి చిక్కుతుంది. కోస్తాంధ్ర బుర్రకథలో కథకుడికి ఇరువైపులా నిలిచే ఇద్దరు వంతలు, షేక్ నాజర్ వంటి మహాకళాకారుడికి సైతం తప్పనిసరి కావడంలో ఇదే సూత్రం పనిచేసింది. గద్దర్ గొంగడి భుజాన వేసుకొని, కాలికి గజ్జెకట్టి ఆడుతూ పాడినప్పుడు వెనుక నిలిచిన బృందం, డప్పు ఈ సీమ కథాగాన నిర్మాణాన్నే రాజకీయ వేదికమీదికి తెచ్చాయి. ఆ గీతాల్లో పల్లవి మాటిమాటికీ తిరిగి రావడానికి ప్రచారదృష్టి ఒక కారణం. ఆడే దేహం మరో కారణం.

ఈ రూపాల్లో ఊపిరి శబ్దం దాచవలసిన దోషం కాదు. శాస్త్రం సూత్కారిని తప్పుపట్టింది కూర్చుని పాడే గాయకుణ్ణి దృష్టిలో ఉంచుకొని. అడుగులేస్తూ కథ నడిపేవాడి ఎగశ్వాస కథలోని యుద్ధానికో, పరుగుకో, దుఃఖానికో అర్థమై కలిసిపోతుంది.

5. వంగిన నడుము, పొట్టి పాదం

వృత్తిగాయకులు కానివారి పాటల్లో శ్వాసకూ రూపానికీ ఉన్న బంధం ఇంకా స్పష్టం. వరినాటు వేసే స్త్రీ నడుము వంచి పాడుతుంది. వంగిన భంగిమలో ఉదరాంగాలు పైకి ఒత్తుకొని ఉదరవితానం పూర్తిగా దిగడానికి వీలు చిక్కదు. శిక్షణాలయం మొదటి పాఠంలోనే నిషేధించే భంగిమ ఇది. అయినా నాట్లపాట శతాబ్దాలుగా పాడుతూనే ఉన్నారు. పాదం పొట్టిది, ఊతపదం దగ్గరగా వస్తుంది, ఒకరు చెప్పింది పదిమంది అందుకుంటారు. భంగిమను మార్చుకొనే వీలు కూలిపనిలో లేదు కాబట్టి పాట తన రూపాన్నే భంగిమకు తగినట్లు మలుచుకుంది.

దంపుడు పాటలో మరో తీరు. రోకలి ఎత్తినప్పుడు ఊపిరి లోనికి, వేసినప్పుడు బయటకు. ‘సువ్వి’ అనే ఊతపదం ఈ విసురులో పుట్టిన నిశ్వాసానికి అక్షరరూపం. దాన్ని అర్థంలేని పదంగా నిఘంటువు వదిలేసినా, పనిలో దానికి కచ్చితమైన విధి ఉంది.

బతుకమ్మ పాటలో ‘ఉయ్యాలో’ గురించి కూడా ఇలాగే ఆలోచించాలి. గురువులు మూడు, మాత్రలు ఆరు, చివర దీర్ఘమైన ఓకారం. నాలుక, పెదవులు అడ్డుపడని అచ్చుతో ముగిసే పదాన్ని గుక్క మిగిలినంతవరకు సాగదీయవచ్చు, ఎక్కడైనా వదిలేయవచ్చు. ‘వలలో’, ‘కోలో’ వంటి ఊతపదాలూ ఓకారంతోనే ముగుస్తాయి. పాట చెప్పే స్త్రీ ఒక పాదాన్ని అందిస్తే వలయంలోని మిగిలినవారు దాన్నే తిరిగి పాడతారు. రెండు భాగాలూ సమానమైతే పాటకాలంలో సగం ఆమెకు విశ్రాంతి. చప్పట్లకు అనుగుణంగా వంగుతూ లేస్తూ, తిరుగుతూ, సంగీతశిక్షణ లేని స్త్రీలు ఎంగిలిపూల నుంచి సద్దుల వరకు తొమ్మిది దినాలు పాడగలగడం వెనుక ఈ అమరిక ఉంది. కొత్తగా చేరిన ఆడపిల్ల మొదట వంతపాడుతుంది, దమ్ము కుదిరాక పాట చెబుతుంది. ఆమెకు ఇదే శ్వాసాభ్యాసం.

ఇక్కడ ఒక అభ్యంతరానికి సమాధానం చెప్పాలి. పునరుక్తికి జ్ఞాపకం, శ్రోతల భాగస్వామ్యం, పూజావిధి వంటి కారణాలున్నాయి కదా, ఊపిరినే కారణంగా చూపడం దేహనిర్ణయవాదం కాదా అన్నది ఆ అభ్యంతరం. ఊపిరి ఏకైక కారణమని చెప్పడం తప్పే. కూర్చుని పాడే లాలిపాటల్లోనూ ఊతపదాలున్నాయి. చెప్పదగింది ఇంతే: ఒకే నిర్మాణాంశం జ్ఞాపకానికీ, సమూహానికీ, శ్వాసకూ ఏకకాలంలో పనికివస్తోంది. మొదటి రెంటినీ గుర్తించిన విమర్శ మూడవదాన్ని గుర్తించలేదు. పని, ఆట తీవ్రత పెరిగిన పాటల్లో పాదం కురచబడి వంత దగ్గరబడడాన్ని మొదటి రెండు కారణాలు వివరించలేవు.

6. అచ్చులో పోయిన గుక్క

మౌఖికగేయం పుస్తకంలోకి వచ్చేటప్పుడు ఊతపదాన్ని మొదటి పాదంలో చూపి, తరువాత చుక్కలతో సూచించడమో, పూర్తిగా తొలగించడమో పరిపాటి. కాగితం పొదుపుకు అది అర్థవంతమే. అయితే అలా ముద్రించిన పాఠాన్ని చదివిన విద్యార్థికి పొట్టి పాదాలు పేలవంగా తోస్తాయి. వాక్యం అసంపూర్ణంగా ఆగినచోట అది ఛందోలోపంగా కనిపిస్తుంది. నిజానికి అక్కడ మరో గొంతు ప్రవేశించింది, మొదటి గొంతు ఊపిరి తీసుకుంది.

లోకంలో ఇతర చోట్ల ఈ సమస్యను పరిష్కరించే ప్రయత్నాలు జరిగాయి. అమెరికాలో జూనీ ఆదివాసుల కథలను ‘ఫైండింగ్ ది సెంటర్’ (1972) పేరుతో వెలువరించిన డెనిస్ టెడ్లాక్ కథకుడు ఆగిన ప్రతిచోటా పంక్తిని విరిచాడు. వచనంగా భావించిన కథలు విరామాల ఆధారంగా కవితారూపంలో దర్శనమిచ్చాయి. తెలుగు మౌఖికగానానికి ఆ పద్ధతిని యథాతథంగా తీసుకోనక్కరలేదు. ఏకకథకుడి మౌనాన్ని గుర్తించడం అతని అవసరం. ఇక్కడ మౌనం తక్కువ, గొంతు మారడం ఎక్కువ. కాబట్టి మూడు గుర్తులు చాలు: గాయకుడు ఊపిరి తీసుకున్న చోట ఒక నిలువుగీత, వంత అందుకున్న చోట రెండు గీతలు, వాద్యం ఒంటరిగా సాగిన చోట ఒక చుక్క. వీటితోపాటు పాడేవారు కూర్చున్నారా, వంగి ఉన్నారా, ఆడుతున్నారా అన్నది నమోదు చేస్తే పాఠం తన దేహంతో సహా నిలుస్తుంది.

ఈ పని ఆలస్యం కావడానికి వీల్లేని కారణం ఒకటుంది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, దాని ప్రాభవం పెరిగింది. అదే కాలంలో ధ్వనిముద్రిత గీతాలు, డీజే పెట్టెలు వలయం మధ్యకు వచ్చాయి. స్టూడియోలో గాయని చరణాన్ని ముక్కలుగా పాడి అతికించవచ్చు, వంతను తన గొంతుతోనే నింపవచ్చు. ఊపిరి అనే హద్దు లేనందున పాదం సాగుతుంది, వేగం పెరుగుతుంది. అటువంటి పాటకు స్త్రీలు అడుగు కలపగలరు కానీ గొంతు కలపలేరు. పాడే ఆట వినే ఆటగా మారుతుంది. వంతలో నేర్చుకొని పాట చెప్పే స్థానానికి ఎదిగే మార్గం మూసుకుపోతుంది. ఇది కొత్త పాటలను నిందించడం కాదు. సామూహికంగా పాడదగిన పాటకు, వినదగిన పాటకు ఉన్న భేదాన్ని విమర్శ గుర్తించకపోతే, కవులకు ఆ భేదాన్ని చెప్పేవారుండరు.

7. ముగింపు

ఉదరవితానాన్ని బలపరిచే అభ్యాసాలు ఒంటరి గాయకుడికి అవసరమైన సాధనాలు. వాటిని జానపద కళాశిక్షణలోకి తెచ్చేటప్పుడు ఆ కళల్లో అప్పటికే ఉన్న శ్వాసశిక్షణను గమనించాలి. ఒగ్గుకథ నేర్చుకొనే యువకుడికి పడుకొని ఊపిరి లెక్కించడం కంటే ముందు వంతబృందంలో నిలబడి, గురువు గుక్క ఎక్కడ తీరుతుందో కనిపెట్టి అందుకోవడం నేర్పాలి. తన ఊపిరిని దాచుకోవడం, ఎదుటివాడి ఊపిరిని ఆదుకోవడం అతనికి ఒకేసారి అలవడతాయి.

సాహిత్య విమర్శకు సంబంధించినంతవరకు, గుక్కను పాదానికీ చరణానికీ పక్కన విశ్లేషణ ప్రమాణంగా నిలపడం వల్ల మూడు ప్రయోజనాలు కలుగుతాయి. పునరుక్తిగా కొట్టివేసిన అంశాలకు విధి తెలుస్తుంది. ఒకే పాట వేర్వేరు సందర్భాల్లో వేర్వేరు పొడవుల్లో ఎందుకు వినిపిస్తుందో వివరించవచ్చు. యతి విరామస్వభావం కోల్పోయాక తెలుగు ఛందోవిమర్శలో ఏర్పడిన ఖాళీని దేశీయమైన మాటతోనే పూరించవచ్చు. రాయపోల్ మొదలుకొని కొమురవెల్లి దాకా పాట చెప్పగల పెద్దల గొంతుల్లో ఈ గుక్కలు ఇంకా వినిపిస్తున్నాయి. క్షేత్రపరిశోధకుడు వారి పాటలోని మాటలతోపాటు వారు ఊపిరి తీసుకున్న చోట్లను కూడా రాసుకోవాలి.